గోపాల్‌పూర్ బంగళా, దాని దస్తావేజులు

మా నాన్నగారు ఒడిశాలోని బరంపురంలో దస్తావేజు లేఖరి. ఆయన పోయాక మా ఇంట్లో ఆ పని ఎవరూ చేపట్టలేదు గానీ, పాత తెలుగు కాగితాలు చదివిపెట్టమని జనం ఇప్పటికీ నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఇక్కడి తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుకుంటారు. తాతగారి సంతకం చదవడానికి కూడా ఇంకొకరి సాయం కావాలి. ఈ మధ్య అలా వచ్చిందే గోపాల్‌పూర్ బంగళా కాగితాల కట్ట. యజమాని ఇక్కడి డాక్టరుగారు. బంగళా అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్ల వకీలు లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే పాత అమ్మకాల దస్తావేజులన్నీ, కావాలన్నారట.

ఆ బంగళా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సముద్రం వైపు పొడుగాటి వరండా, చెక్క రెక్కల తలుపులు, సాలు దూలాల మీద నిలువు ఇటుకలు పేర్చి వేసిన మద్రాసు మిద్దె. గోడలకు గానుగ సున్నం. ఎండ తగ్గాక ఆ గోడ మీద చెయ్యి పెడితే చల్లగా, నున్నగా ఉంటుంది. పక్కన ఈమధ్య కట్టిన లాడ్జీలో ఉప్పుగాలికి స్లాబు ఊచలు తుప్పుపట్టి అప్పుడే పెచ్చులూడుతున్నాయి. ఈ గోడల్లో ఇనుమే లేదు, తుప్పు పట్టడానికి.

మొదటి దస్తావేజు తెలుగులో ఉంది. అప్పటికి గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో కలిసింది. అమ్మినవాడు ఒక వర్తక కంపెనీ ఏజెంటు దొర. కొన్నవాడు తెలుగు మేస్త్రీ, అంటే రంగూన్‌కు కూలీలను పంపేవాడు. అడ్వాన్సు చేతిలో పెట్టి ఊళ్ల నుంచి మనుషుల్ని తెచ్చి స్టీమరెక్కించేవాళ్లు. ఆ అప్పు తీరేదాకా అక్కడి రైసు మిల్లుల్లో, ఓడరేవులో కూలీలు కష్టపడాలి. గోపాల్‌పూర్‌లో ఓడ ఒడ్డు దాకా వచ్చేది కాదు, దూరంగా లంగరు వేసేది. అలల మీద మనుషుల్నీ మూటల్నీ చేరవేసినవి మసూలా పడవలు. వాటికి మేకులుండవు, పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టేవాళ్లు, అల కొట్టినా విరగకుండా వంగేలా. బంగళా కొన్న సొమ్ము ఆ పడవలెక్కినవాళ్ల చెమట. ఇంటి చరిత్ర చెప్పేటప్పుడు ఇది దాటేసి వరండా అందం గురించి మాత్రమే చెప్పడం నాకు ఇష్టం లేదు.

1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతిలో పడింది. స్టీమర్లు ఆగిపోయాయి, మేస్త్రీ వ్యాపారం కూడా. కూలీలు చాలామంది అస్సాం దాకా అడవుల్లో నడిచి వచ్చారు, దారిలో పోయినవాళ్లు ఎందరో. రెండో దస్తావేజు ఆ తర్వాతిదే. మేస్త్రీగారి కొడుకు ఒక జమీందారీ కుటుంబానికి అమ్మేశాడు. వాళ్లు వేసవికి వచ్చేవాళ్లు. ఒడిశాలో 1951 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీలు పోయాక వాళ్లూ వదులుకున్నారు. మూడోది ఇంగ్లీషులో ఉంది, కలకత్తా కుటుంబం పేర. పూజా సెలవులకు వచ్చేవాళ్లట. నాలుగోది ఒడియా, డాక్టరుగారి నాన్నగారి పేర. ఈ రెండింటి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

ప్రతి తెలుగు దస్తావేజులోనూ ఆ మాట ఉంటుంది: ‘మీరు మీ పుత్ర పౌత్ర పారంపర్యంగా దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో అనుభవించుకోవలసినది.’ నాన్నగారు దాన్ని ఎన్నిసార్లు రాసి ఉంటారో. ఈ బంగళాను మాత్రం ఏ కుటుంబమూ మనవల దాకా ఉంచుకోలేదు.

మనవల దాకా ఉన్నవాళ్లు ఇంకొకరున్నారు. దక్షిణం గోడ అవతల వాడబలిజల ఇళ్లు, చేపలు పట్టేవాళ్లు. అక్కడి ఒక కుటుంబం దొర కాలం నుంచీ బంగళా తాళాలు చూస్తోంది. ప్రతి దస్తావేజులోనూ వాళ్లున్నారు, చెక్కుబందీలో, అంటే నాలుగు వైపుల హద్దులు రాసేచోట: తూర్పు సముద్రపు ఇసుక, పడమర బాట, ఉత్తరం కంపెనీ గొడౌను, దక్షిణం చేపలవాళ్ల పాకలు. పేరు లేదు, హద్దుగానే ఉన్నారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, గాలి గంటకు రెండొందల కిలోమీటర్ల పైమాటే. సరుగుడు చెట్లు కూలాయి, వరండా పెంకులు ఎగిరిపోయాయి. శిబిరం నుంచి తిరిగి రాగానే వాళ్లు తమ పాకతో పాటు బంగళా మీద కూడా టార్పాలిన్ కట్టారు. బరంపురంలో కరెంటు లేదు, ఫోన్లు లేవు, కట్టమని ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

మొన్న వెళ్తే ఆ ఇంటి మామ్మ వరండా మెట్టు మీద కూర్చుని వల బాగుచేస్తోంది. ఎడమ కాలి బొటనవేలికి వల అంచు తగిలించి లాగిపట్టి, చిరిగిన కన్నును దారంతో మళ్లీ అల్లుతోంది. ‘మా అత్త కూడా ఇక్కడే కూసుని కట్టేదమ్మా. ఏ బాబు వచ్చినా ఉండనీ అన్నాడు. ఇప్పుడొచ్చే బాబు ఏటంటాడో?’ అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, టెన్షన్ మాత్రం ఉంది. కొనేవాళ్లు రిసార్టు కడతారని విన్నాను. పాకల నుంచి సముద్రానికి వెళ్లే కాలిబాట బంగళా ఆవరణలోంచే పోతుంది, ఏ కాగితంలోనూ దాని ఊసు లేదు. డాక్టరుగారితో మాట్లాడాను. కొత్త దస్తావేజు షెడ్యూలులో ఆ బాటను వెడల్పుతో సహా చూపించి, దక్షిణం పాకలవాళ్లకు నడక హక్కు ఉందని రాయించమన్నాను. కొనేవాళ్లు ఒప్పుకుంటేనేనట. వచ్చే వారం వాళ్ల వకీలు వస్తున్నాడు. బాట కొలతలు, నాలుగు దస్తావేజుల్లోని చెక్కుబందీలు తెలుగులోనూ ఒడియాలోనూ శుభ్రంగా రాసి ఫైల్లో పెట్టి ఉంచాను.