ఆఫీసు రాయగడలో, క్లెయిములు వైజాగ్‌లో

మార్చి దగ్గర పడితే చాలు, ఒడిశాలోని మా రాయగడలో చిన్న కంపెనీలు నడిపే తెలిసినవాళ్ళందరి దగ్గర నుంచీ ఒకటే ఫోన్లు. గ్రూప్ మెడిక్లెయిమ్ (స్టాఫ్ అందరికీ కలిపి తీసుకునే హెల్త్ ఇన్సూరెన్స్) రెన్యువల్ కోట్ వచ్చింది, రేటు చూస్తే గుండె గుభేలుమంది, నువ్వు ఆ లెక్కల పనిలోనే ఉన్నావు కదా కాస్త చూసిపెట్టు అని. ఈసారి చేసింది మా మావయ్య. ఫ్యాక్టరీలకి కాంట్రాక్టు పనులు చేసే చిన్న కంపెనీ ఆయనది. "ఏట్రా ఇది, పోయినేడు క్లెయిములు ఎక్కువిచ్చారని ఆ డబ్బంతా ఈ ఏడు నా దగ్గరే లాగేస్తామంటే మరి ఇన్సూరెన్స్ దేనికి?" అన్నాడు. అడిగింది న్యాయమైన ప్రశ్నే, పైగా ఈ రంగంలో వందేళ్ళుగా నలుగుతున్న ప్రశ్న కూడా.

ఆయన అసలు అంకెలు ఇక్కడ పెట్టను, లెక్క తేలిగ్గా నడిచేలా మార్చి చెప్తాను. కుటుంబాలతో కలిపి 240 మంది. మనిషికి 4,400 రూపాయల క్లెయిము ఖర్చు వస్తుందనుకుని పోయినేడు రేటు కట్టారు, అంటే మొత్తం 10.56 లక్షలు. తీరా వచ్చినవి 22 క్లెయిములు, 17.6 లక్షలు. అందులో ఒకటి 5 లక్షలు, ఒకటి 4 లక్షలు. ఇన్సూరెన్స్ కంపెనీ కుర్రాడు ఆ 17.6 లక్షల్ని 240తో భాగించి, 7,333 అని తేల్చి, దాని మీద 12 శాతం వైద్యం ధరల పెరుగుదల వేసి, దాదాపు 87 శాతం పెంపుతో కోట్ పంపేశాడు. దీన్నే బర్న్ కాస్ట్ పద్ధతి అంటారు. కాలిక్యులేటర్ ఉంటే చాలు, బుర్రతో పనిలేదు.

లాస్ మోడల్ అనేది ఇక్కడే అక్కరకొస్తుంది. 1903లో ఫిలిప్ లుండ్‌బర్గ్ అనే స్వీడన్ ఆయన తన థీసిస్‌లో వేసిన పునాది మీద, తర్వాత హరాల్డ్ క్రామేర్ లాంటివాళ్ళు కట్టుకుంటూ వచ్చిన పద్ధతి ఇది. క్లెయిములు ఎన్ని వస్తాయన్నది ఒక లెక్క, వచ్చిన ఒక్కోటి ఎంత ఉంటుందన్నది ఇంకో లెక్క, రెండూ విడివిడిగా చూసి ఆఖర్న కలపాలి. మనిషికి ఏడాదికి 0.08 క్లెయిములు అనుకుంటే 240 మందికి 19 చిల్లర. సగటు క్లెయిము 55 వేలు. అయితే సగటుతో పని అయిపోదు, చుట్టూ ఊగిసలాట ఎంతో కూడా చూడాలి. క్లెయిము సైజులో చెదురు సగటుకి ఒకటిన్నర రెట్లు ఉందనుకుని కడితే ఏడాది మొత్తం మీద ప్రామాణిక విచలనం, అంటే సగటుకి అటూ ఇటూ మామూలుగా ఉండే తేడా, 4.3 లక్షలకి పైమాటే వస్తుంది. అంటే ఎవరి ఆరోగ్యమూ మారకపోయినా, ఏ ఆసుపత్రీ రేటు పెంచకపోయినా, ఉత్త అదృష్టం మీదే 10 లక్షల గ్రూపు ఒక ఏడు 6 లక్షలకి దిగొచ్చు, ఇంకో ఏడు 15 దాటొచ్చు. 17.6 అనేది చెడ్డ ఏడాదే కానీ వింతేమీ కాదు.

పైగా ఆ లెక్క పాయిజాన్ పంపిణీతో కట్టింది. ఒకరి క్లెయిముకీ ఇంకొకరి క్లెయిముకీ సంబంధం లేదని అది నమ్ముతుంది. మా వైపు ఆ నమ్మకం చెల్లదు. వానలు పడ్డాక రాయగడ, కోరాపుట్, మల్కనగిరి పక్క మలేరియా సంగతి తెలిసిందే కదా. ఒడిశా ప్రభుత్వం 2017లో దమన్ కార్యక్రమం మొదలుపెట్టాక మొదట్లో బాగా తగ్గింది, అయినా పూర్తిగా పోయింది ఎక్కడ? ఒకే క్వార్టర్స్ లైన్లో ఒకింట్లో జ్వరం మొదలైతే వారంలో పక్కింటివాళ్ళూ అడ్మిట్ అవుతారు. క్లెయిములు ఇలా గుంపుగా వచ్చేచోట నెగటివ్ బైనామియల్ అనే ఇంకో పంపిణీ వాడతారు, దానికి సగటు కన్నా విస్తృతి (వేరియన్స్) ఎక్కువుండే వెసులుబాటు ఉంది. అది పెడితే ఊగిసలాట ఇంకా పెరుగుతుంది తప్ప తగ్గదు.

క్లెయిము సైజు దగ్గరికొస్తే అసలు కథ ఉంది. మావయ్య కంపెనీ క్లెయిమ్ డంప్‌ని (ఒక్కో క్లెయిము వివరం ఉండే చిట్టా) గ్రాఫ్ గీస్తే ఒక గుట్ట కాదు, రెండు గుట్టలు వచ్చాయి. జ్వరాలు, వాంతులు, కాన్పులు ఇక్కడి నర్సింగ్ హోముల్లో, 20 వేల చుట్టూ. గుండె, కిడ్నీలో రాళ్ళు, మోకాలు ఇవన్నీ వైజాగ్‌లో, రెండు లక్షల చుట్టూ. ఇక్కడ పుట్టిపెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు, కాస్త పెద్ద జబ్బంటే చాలు పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైలెక్కేస్తాం. డాక్టరు తెలుగులో మాట్లాడతాడు, ఎవరో ఒక చుట్టం ఇంట్లో దిగొచ్చు. భువనేశ్వర్ వెళ్ళాలంటే దూరాభారం. (తెలుగోళ్ళమే అయినా రేషన్ కార్డు ఒడిశాది, ఆంధ్రా ప్రభుత్వ ఆరోగ్య పథకం మనకి రాదు.) ఇంతా చూస్తే సగటు 55 వేలు అంటున్నాం కానీ 55 వేల బిల్లు ఒక్కడిదీ లేదు. రెండు గుట్టల మధ్య లోయలో ఉంది ఆ అంకె.

ఇలాంటి డేటాకి ఒకే గుట్ట ఉండే లాగ్‌నార్మల్ గీత అతికించేసి ముందుకెళ్ళిపోతే చాలా విషయాలు తప్పుతాయి. చూడండి, 80 శాతం క్లెయిములు ఇక్కడ 20 వేల లెక్కన, 20 శాతం వైజాగ్‌లో లక్షా 95 వేల లెక్కన వస్తే సగటు 55 వేలు. వైజాగ్ వాటా 20 నుంచి 30కి పెరిగిందనుకోండి, సగటు 72,500 అవుతుంది. ఒక్క జబ్బు కూడా పెరగలేదు, ఒక్క ఆసుపత్రీ ధర పెంచలేదు, అయినా ఖర్చు 32 శాతం ఎగిరింది. టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) నెట్‌వర్కులో వైజాగ్ ఆసుపత్రి ఇంకోటి చేరి క్యాష్‌లెస్ సులువైతే చాలు, వాటా జరుగుతుంది. రేట్ షీట్లో మాత్రం ఆఫీసు పిన్‌కోడ్ చూసి చవక జోన్‌లో పడేస్తారు. ఇది ఇన్సూరెన్స్ కంపెనీకి నష్టమే, ఆ నష్టం రెండేళ్ళయ్యాక ఒక్కసారిగా 87 శాతమై మన నెత్తినే పడుతుంది.

మరి సొంత అనుభవానికి ఎంత విలువివ్వాలి? దీనికి క్రెడిబిలిటీ అని ఒక లెక్కుంది. 1918లో విట్నీ, 1967లో బ్యూల్మన్ అనే బీమా లెక్కల నిపుణులు దీని మీద పనిచేశారు. పాత పద్ధతి ప్రకారం, క్లెయిముల సంఖ్య 90 శాతం నమ్మకంతో 5 శాతం తేడా లోపల ఉండాలంటే 1,082 క్లెయిములు కావాలి. మావయ్యకున్నవి 22. ఇరవైరెండుని 1,082తో భాగించి వర్గమూలం తీస్తే 0.14. అంటే సొంత అనుభవానికి 14 పాళ్ళు, మిగతా 86 పాళ్ళు ఇలాంటి గ్రూపులన్నిటి సగటుకి, అంటే పైన చెప్పిన 4,400కి. అప్పుడు రేటు 7,333 కాదు, 4,811. తొమ్మిది శాతం పెరిగింది, అంతే. ఇదే మాట రెండో వైపూ వర్తిస్తుంది సుమా. పోయినేడు ఒక్క క్లెయిమూ రాలేదు, సగం తగ్గించండి అని అడిగే ఓనర్లకి కూడా నా జవాబు ఇదే, వాళ్ళకది నచ్చదు.

ఆ 4,811 మీద 12 శాతం పెరుగుదల వేస్తే 5,388. ఖర్చులూ కమిషనూ కలిపి ప్రీమియంలో 20 శాతం అనుకుంటే 0.8తో భాగించాలి, 6,735 వస్తుంది. 1.2తో గుణిస్తే 6,466 వచ్చి మనిషికి 269 రూపాయలు గాల్లో కలుస్తాయి, ఈ పొరపాటు ఎక్సెల్ షీట్లలో తరచూ కనిపిస్తుంది. పైన 18 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలకి ఎత్తేశారు కానీ గ్రూపులకి ఎత్తలేదు, మావయ్య తిట్లు దీనికి మాత్రం ప్రభుత్వానికే.

కవర్ 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచితే ప్రీమియం రెట్టింపు దగ్గరికి పోతుందేమోనని ఆయనకి ఇంకో టెన్షన్ ఉండేది. పోదు. అదనపు ఖర్చు వచ్చేది 5 లక్షలు దాటిన క్లెయిముల్లోనే, అవి రెండో గుట్ట చివర్న ఉన్న కొద్దిమందివి. అసలు భయపడాల్సింది తల్లిదండ్రుల కవర్ గురించి. ఇష్టమున్నవాళ్ళు డబ్బు కట్టి చేర్చుకోవచ్చు అని పెడితే ఆసుపత్రి తేదీ ఖాయమైనవాళ్ళే ముందు చేరతారు, ఆ నష్టం నుంచి ఏ మోడలూ కాపాడదు. పెడితే అందరికీ పెట్టాలి, లేదా 20 శాతం కో-పేతో (బిల్లులో ఆ వాటా వాళ్ళే కట్టుకునేలా) పెట్టాలి. జీతం 21 వేల లోపువాళ్ళు ఎలాగూ ఈఎస్‌ఐలో ఉన్నారు కాబట్టి ఈ గ్రూపులో మిగిలేది కాస్త వయసు మళ్ళిన స్టాఫే, వాళ్ళ తల్లిదండ్రులు ఇంకా పెద్దవాళ్ళు.

మూడేళ్ళ క్లెయిమ్ డంప్, ఆసుపత్రి పిన్‌కోడ్ కాలమ్‌తో సహా, పెద్ద క్లెయిములు రెండూ విడిగా చూపించి ఇన్సూరెన్స్ కంపెనీకి పంపాం. నా లెక్క 22 శాతం పెంపు దగ్గర తేలింది, వాళ్ళు 87 నుంచి 30కి దిగారు. 25కి తెస్తానని మావయ్య ఇంకా బేరమాడుతున్నాడు.