తబ్రీజ్‌లో గజాన్ వెండి, గైఖతూ కాగితం

ఇరాన్‌లో మన కార్డులేవీ పనిచేయవు. డాలర్లు మోసుకెళ్లి, మార్చుకుని, నోట్ల కట్టలు సంచిలో వేసుకుని తిరగాల్సిందే. ఆ మాట ముందే విన్నాను కాబట్టి దాంతో ఇబ్బంది లేదు. ప్రాణం తీసింది లెక్క. నోటు మీద రాసేది రియాళ్లలో, జనం చెప్పేది తోమాన్లలో. పది రియాళ్లు ఒక తోమాన్. పైగా టాక్సీ అతను "యాభై" అంటే యాభై వేల తోమాన్లని మనమే అర్థం చేసుకోవాలి. ఇరాన్ వాయవ్య మూల ఉన్న తబ్రీజ్‌లో దిగాక టీ తాగినా, రొట్టె కొన్నా ఫోన్లో లెక్క వేసుకోవడమే పని. రేట్లేమో నిన్న విన్నది ఇవాళ ఉండదు. ఈ తోమాన్ లెక్కను ఇక్కడ నిలబెట్టింది పదమూడో శతాబ్దంలో ఇరాన్‌ను గెలిచి ఏలిన మంగోలులే, అప్పట్లో పదివేల దీనార్లు ఒక తోమాన్. నేను ఇంతదూరం వచ్చింది కూడా ఆ మంగోలుల నాణేలు చూడ్డానికే.

టెహ్రాన్ నుంచి రాత్రి బస్సు గురించి చెప్పుకోవడానికేం లేదు. నీలి మసీదు, కోఫ్తే అనే పెద్ద మాంసపు ఉండలు అన్నీ బాగానే ఉన్నాయి, వాటి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు గుర్తుండిపోయింది నీలి మసీదు పక్కనే ఉన్న అజర్‌బైజాన్ మ్యూజియంలో నాణేల అద్దాల ముందు గడిపిన పొద్దు.

ఇక్కడి మంగోలు రాజుల్లో మొదటివాడు హులగూ. 1258లో బాగ్దాద్‌ను నేలమట్టం చేసి ఖలీఫాను చంపించినవాడు. ముస్లిం కాదు. అలాంటివాడు కొట్టించిన నాణెం మీద ఖురాన్ వాక్యం ఉంటుంది, రాజ్యాన్ని తాను కోరినవారికి ఇచ్చేది దేవుడే అనే వాక్యం. పక్కన మంగోలియాలోని పెద్ద ఖాన్, తన అన్న మోంగ్కే పేరు. తన పేరు ఆ తర్వాతే. ఊళ్లు తగలబెట్టిన కత్తికి బజారులో చెల్లుబాటు లేదని ఆ సైన్యానికి చాలా త్వరగా తెలిసిపోయినట్టుంది. హులగూ మనవడు అర్ఘూన్ కూడా "ఖగాన్ (అంటే ఆ పెద్ద ఖాన్) పేరు మీద అర్ఘూన్ కొట్టించినది" అని మంగోల్ లిపిలో వేయించాడు.

ఆ తర్వాత గజాన్ ఖాన్. ఆయన వెండి దిర్హమ్ మీదికి వంగి చాలాసేపు అక్కడే ఉండిపోయాను. రెండు గ్రాముల పైచిలుకు బరువు, పలచటి బిళ్ల. ఒక వైపు అరబిక్‌లో కలిమా, అంటే ఇస్లాం విశ్వాస వాక్యం, చుట్టూ కొట్టిన ఊరు, సంవత్సరం. రెండో వైపు పైనా కిందా మంగోల్ లిపి, మధ్యలో అరబిక్‌లో "గజాన్ మహమూద్", అంచున చైనాను ఏలిన పెద్ద ఖాన్ కుబ్లాయ్ చైనాలో తయారు చేయించిన ఫగ్స్‌పా లిపిలో కొన్ని అక్షరాలు. వేలి గోరంత చోటులో మూడు లిపులు! "తెంగ్రి (మంగోలుల ఆకాశదేవుడు) శక్తితో గజాన్ కొట్టించినది" అని ఉంటుంది, పెద్ద ఖాన్ పేరు లేదు. 1295లో ఇస్లాం తీసుకున్నవాడు కలిమా వేయించాడు, తాతల ఆకాశదేవుణ్ణీ వదల్లేదు. పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన, రిటైరైన టీచరట, అరబిక్ భాగాన్ని వేలితో అద్దం మీద చూపిస్తూ చదివి వినిపించాడు. మంగోల్ లిపి దగ్గరికొచ్చేసరికి నవ్వి చేతులెత్తేశాడు.

ఈ నాణేనికి ముందు కథ జరిగిన చోటు చూపిస్తానని ఆయనే బజారుకు తీసుకెళ్లాడు. ఇటుక కమానుల కింద తివాచీలు, బంగారం, మసాలాలు, ఎంత నడిచినా తరగని బజారు. 1294లో, గజాన్ కంటే ముందు ఇరాన్‌ను ఏలిన గైఖతూ ఖాన్ ఖజానా ఖాళీ అయింది. దుబారా ఒక వైపు, పశువుల రోగం ఒక వైపు. జంజాన్ ఊరివాడైన వజీరు సద్రుద్దీన్ చైనాలో లాగా కాగితపు డబ్బు వేద్దామన్నాడు. చైనా నుంచి కుబ్లాయ్ దూతగా వచ్చిన బోలాద్‌ను అడిగి పద్ధతి తెలుసుకున్నారు. తీసుకోనివాడికి మరణశిక్ష అని చాటింపు వేశారు. తబ్రీజ్ వ్యాపారులు దుకాణాలు మూసేశారు. ఊళ్లో తినడానికి తిండి దొరకలేదు. రెండు నెలలకే కాగితాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, మరుసటి ఏడాది గైఖతూ ప్రాణం కూడా పోయింది. కుబ్లాయ్ రాజ్యంలో నడిచిన కాగితం ఇక్కడ నడవకపోవడానికి కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. ఖాళీ ఖజానా ఇచ్చే మాటను ఏ కొట్టువాడు నమ్ముతాడు?

పెద్దాయన ఇప్పించిన టీ తాగుతూ, చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని, 2016 నవంబరులో అమ్మ పోపుల డబ్బాలోంచి తీసిన ఐదువందల నోట్ల సంగతి చెప్పాను. వాటిని పట్టుకుని బ్యాంకు ముందు నిలబడ్డప్పుడు అమ్మ ముఖంలో ఉన్న టెన్షన్ నాకింకా గుర్తే. 1323లో మన ఓరుగల్లును పట్టుకున్న రాకుమారుడు తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కి వెండి విలువకు ఇత్తడి, రాగి బిళ్లలు వేయించిన కథ కూడా చెప్పాను. జనం ఇళ్లలోనే దొంగ బిళ్లలు కొట్టుకున్నారని, చివరికి ఖజానా నుంచి మంచి డబ్బు ఇచ్చి వాటిని తీసుకోవాల్సి వచ్చిందని విని ఆయన చాలాసేపు తల ఊపాడు.

గజాన్ గొప్పతనం అక్కడే ఉంది. గైఖతూ పోయిన కొద్ది ఏళ్లకే వెండి స్వచ్ఛత, బరువు రాజ్యమంతా ఒకటే చేశాడు. ఆరు దిర్హమ్‌లు ఒక దీనార్, ఏ ఊళ్లో కొట్టినా అంతే. మూసుకున్న దుకాణాలు తెరిపించడానికి చాటింపులు అక్కర్లేదు, తూకం సరిగా ఉంటే చాలు.

తిరుగు దారిలో జంజాన్‌లో దిగి షేర్ టాక్సీలో సుల్తానియా వెళ్లాను. గజాన్ తమ్ముడు ఒల్జైతూ సమాధి, యాభై మీటర్ల ఇటుక గుమ్మటం, నీలి పలకలు. ఈయన నాణేల మీద మొదట్లో సున్నీలు గౌరవించే నలుగురు ఖలీఫాల పేర్లుంటాయి. షియా మతం తీసుకున్నాక పన్నెండుమంది ఇమాముల పేర్లు చుట్టూ వేయించాడు. కొడుకు అబూ సయీద్ మళ్లీ ఖలీఫాల పేర్లే తెచ్చాడు. రాజు మనసు మారినప్పుడల్లా అచ్చు మారింది.

వెళ్లేవాళ్లు చిన్న భూతద్దం తీసుకెళ్లండి. కొత్త, మడత పడని డాలర్లు పట్టుకెళ్లండి. ధర చెప్పగానే తోమానా, రియాలా అని ముందే అడగండి.