రాగి మీద కార్బన్ పొర వేస్తే ఏమవుతుంది? ఒక ఇంటర్వ్యూ ప్రశ్న మార్చేసిన నా నెట్ ప్రిపరేషన్

"రాగి ఎందుకు అయస్కాంతం కాదు?" నా మొదటి పీహెచ్‌డీ ఇంటర్వ్యూ ఈ ప్రశ్నతో మొదలైంది. లోహం తనంతట తాను అయస్కాంతం అవుతుందో లేదో చెప్పే స్టోనర్ కండిషన్ నాకు కంఠతా వచ్చు. ఫెర్మీ ఎనర్జీ (ఎలక్ట్రాన్లు నిండిన పై అంచు) దగ్గరి డెన్సిటీ ఆఫ్ స్టేట్స్‌ని (అక్కడ ఎలక్ట్రాన్లకి ఉన్న చోట్ల లెక్క) ఎక్స్ఛేంజ్ ఇంటిగ్రల్‌తో (ఎలక్ట్రాన్ల స్పిన్‌లని ఒకే దిశలో నిలిపే బలం) గుణిస్తే 1 దాటాలి, ఇనుము, కోబాల్ట్, నికెల్ దాటుతాయి, రాగి దాటదు అని ఆగకుండా చెప్పాను. "మరి ఆ రాగి మీద ఒక సేంద్రియ అణువు పొర వేస్తే?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ సంవత్సరం నేను సెలెక్ట్ కాలేదు.

తోటి సీఎస్ఐఆర్ నెట్ (పీహెచ్‌డీ ఫెలోషిప్, లెక్చరర్ అర్హత పరీక్ష) ఆస్పిరెంట్లకి ఇది రాయడానికి కారణం ఆ ప్రశ్నే. దాని వెంట పడ్డాకే నాకు సాలిడ్ స్టేట్ అర్థమైంది.

హాస్టల్‌కి వచ్చి కెమిస్ట్రీ చేస్తున్న సీనియర్ అక్కని అడిగాను. ముందు నా మాటే సరిచేసింది: "శోషణం కాదే, అధిశోషణం. అణువు లోపలికి పోదు, పైన అతుక్కుంటుంది." ఇంటర్‌లో చదివిన సర్ఫేస్ కెమిస్ట్రీ గుర్తుందా? భౌతిక అధిశోషణానికి మోల్‌కి 20 నుంచి 40 కిలోజౌళ్లు, రసాయన అధిశోషణానికి 80 నుంచి 240. అప్పుడు మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ అంకెల మీదే ఈ కథంతా నిలబడింది. అణువు ఊరికే వాలి కూర్చుంటే లోహం అయస్కాంతత్వం పెద్దగా మారదు. బంధం ఏర్పడితేనే మారుతుంది.

ఎలా మారుతుందో కోబాల్ట్ మీద చూద్దాం. స్పిన్ అంటే ప్రతి ఎలక్ట్రాన్‌కీ ఉండే చిన్న అయస్కాంత దిశ. కోబాల్ట్‌లో పైకి తిరిగిన స్పిన్ 3d బ్యాండ్ (ఎలక్ట్రాన్లు ఉండగలిగే ఎనర్జీల పట్టీ), కిందికి తిరిగిన స్పిన్ 3d బ్యాండ్ వేర్వేరు ఎనర్జీల్లో ఉంటాయి. బెంజీన్ లాంటి అణువు పడుకున్నట్టు అతుక్కుంటే దాని కార్బన్ π (పై) ఆర్బిటాళ్లు ఈ d ఆర్బిటాళ్లతో కలుస్తాయి. రెండు స్పిన్‌లకీ ఆ కలయిక ఒకేలా ఉండదు. అందుకే అణువు లెవెల్స్ ఒక స్పిన్‌కి ఒకలా, ఇంకో స్పిన్‌కి ఇంకోలా జరిగి, వెడల్పవుతాయి. ఫలితంగా, సొంత అయస్కాంతత్వం లేని అణువు కూడా స్పిన్ పోలరైజ్ అవుతుంది, అంటే అందులో ఒక స్పిన్ వాటా రెండోదాని కంటే ఎక్కువవుతుంది. కొన్ని చోట్ల ఆ పోలరైజేషన్ గుర్తు కింద ఉన్న లోహానికి తలకిందులుగా కూడా వస్తుంది. లోహం వైపు కూడా మార్పు ఉంటుంది: పై పొర పరమాణువుల మూమెంట్ (ఒక్కోదాని అయస్కాంత బలం) తగ్గవచ్చు, వాటి మధ్య ఎక్స్ఛేంజ్ బలపడవచ్చు, అనైసోట్రపీ (అయస్కాంతత్వం ఏ దిశలో నిలవడానికి ఇష్టపడుతుందో) మారవచ్చు. ఈ హద్దుకి పరిశోధకులు పెట్టుకున్న పేరు స్పింటర్‌ఫేస్.

2013లో నేచర్‌లో వచ్చిన ఒక పేపర్ నన్ను చాలా రోజులు పట్టుకుంది. కోబాల్ట్ మీద జింక్ మిథైల్ ఫినాలినైల్ అనే అణువు వేశారు. దానికి సొంత అయస్కాంతత్వం లేదు. అయినా కోబాల్ట్‌ని తాకిన మొదటి పొర విడిగా ఒక అయస్కాంతంలా ప్రవర్తించింది. స్పిన్ వాల్వ్‌కి (అయస్కాంత దిశని బట్టి కరెంట్‌ని ఆపే, వదిలే పరికరం) రెండు అయస్కాంత ఎలక్ట్రోడ్లు కావాలని మనం చదువుతాం కదా, ఇక్కడ ఒక్కటే ఉన్నా గది ఉష్ణోగ్రతకి దగ్గర్లోనే 20 శాతం పైగా మాగ్నెటోరెసిస్టెన్స్ (అయస్కాంత క్షేత్రం వల్ల నిరోధంలో వచ్చే మార్పు) వచ్చింది. ఆ పేపర్ మొదటి రచయిత కార్తీక్ రామన్ తర్వాత మన హైదరాబాద్ టీఐఎఫ్ఆర్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) చేరారని తెలిసినప్పుడు, ఈ సబ్జెక్ట్ నాకు ఎక్కడో దూరాన ఉన్నది కాదనిపించింది.

ఇక రాగి సంగతి. 2015లో లీడ్స్ యూనివర్సిటీ బృందం నేచర్‌లోనే చూపించింది: కొన్ని నానోమీటర్ల మందం ఉన్న రాగి పొరని సి60 (60 కార్బన్ పరమాణువుల బంతిలాంటి అణువు) పొరల మధ్య పెడితే గది ఉష్ణోగ్రతలో కూడా బలహీనమైన ఫెర్రోమాగ్నెటిజం కనిపించింది. సి60కి ఎలక్ట్రాన్లని లాక్కునే గుణం ఎక్కువ. రాగి నుంచి చార్జ్ అటు వెళ్తుంది, హద్దు దగ్గర ఆర్బిటాళ్లు కలుస్తాయి, స్టోనర్ లబ్ధంలోని రెండు రాశులూ మారిపోతాయి. ఇంటర్వ్యూలో నేను చెప్పాల్సిన జవాబు ఇదే.

ప్రిపరేషన్‌కి దీంతో ఏం పని అని అడగవచ్చు. నెట్ ఫిజికల్ సైన్సెస్ పేపర్ 200 మార్కులకి. అందులో పార్ట్ సీ ఒక్కటే 100: 30 ప్రశ్నల్లో 20 రాయాలి, ఒక్కోటి 5 మార్కులు, తప్పుకి నెగెటివ్. ఫార్ములా బట్టీ అక్కడ నిలబడదు. ఈ ఒక్క ప్రశ్న కోసం నేను బ్యాండ్ థియరీ, టైట్ బైండింగ్, పౌలీ ససెప్టిబిలిటీ (అయస్కాంత క్షేత్రానికి లోహపు ఎలక్ట్రాన్ల స్పందన), హిస్టెరిసిస్ అన్నీ మళ్లీ చదివాను, ఈసారి ఏదో తెలుసుకోవాలని. పౌలీ ససెప్టిబిలిటీని 1 మైనస్ స్టోనర్ లబ్ధంతో భాగిస్తే పల్లాడియం ఎందుకు అయస్కాంతత్వం అంచున ఆగిపోయిందో తెలుస్తుంది. ఆ లెక్క మీరే చేత్తో చేయండి, నోట్స్‌లో చూసి వదిలేయకండి. రోజూ గంటన్నర దీనికి, మిగతా టైం పాత పేపర్లకి ఇచ్చాను. మ్యాథమెటికల్ ఫిజిక్స్, క్వాంటం వదిలేసి మాత్రం ఇటు రాకండి, మార్కులు అక్కడే ఎక్కువ.

తర్వాతి సారి నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వచ్చింది. ఇంకో చోట ఇంటర్వ్యూలో ఇష్టమైన టాపిక్ చెప్పమన్నారు. బోర్డు మీద కోబాల్ట్ డి బ్యాండ్లు గీసి, పక్కన అణువు లెవెల్స్ గీశాను. టెన్షన్ మొదటి గీత వరకే ఉంది. రాగి ఫలితం చెప్పగానే ఒక సార్ అడ్డుపడ్డారు: "అది ఇనుము మలినం వల్ల కాదని ఎలా తెలుసుకుంటావు?" ఎక్స్‌రే మాగ్నెటిక్ సర్క్యులర్ డైక్రోయిజం చేస్తానన్నాను: కుడి, ఎడమ వైపు తిరిగే ఎక్స్‌రేల శోషణలో తేడాని బట్టి ఏ మూలకం అయస్కాంతమో చెప్పే పరీక్ష అది. ఒక్కో మూలకం శోషణ అంచు ఒక్కో ఎనర్జీలో ఉంటుంది: కార్బన్‌ది 284 ఎలక్ట్రాన్ వోల్ట్ల దగ్గర, ఇనుముది 707, రాగిది 932. ఇనుము అయస్కాంతమై ఉంటే 707 దగ్గర సిగ్నల్ రావాలి. "కార్బన్ దగ్గర వస్తే?" అన్నారు. "అప్పుడు అణువే మూమెంట్ మోస్తోంది సార్" అన్నాను. ఆయన తన కాగితం మీద ఏదో రాసుకుని, కుర్చీ బోర్డు వైపు జరుపుకుని, ఆ డయాగ్రామ్ మళ్లీ మొదటి నుంచి గీయమన్నారు.