ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, గాలిని బట్టి

ఫ్రిజ్ మీద ఉన్న క్యాలెండర్‌లో ఏప్రిల్ ఆఖరి వారం నుంచి మే నెలాఖరు దాకా ఎర్ర పెన్ను గీతలు. అమ్మాయికి హయ్యర్స్ పరీక్షలు, మన ఇంటర్ లాంటివి. గీసింది మా ఆవిడ. "మిగిలిన గళ్ళలో మీ గోల్ఫ్ రాసుకోండి" అంది. ఫిబ్రవరి సగం కూడా కాలేదు, స్కాట్లాండ్‌లో మా ఎడిన్‌బరోలో బయట సన్నగా మంచు పడుతోంది, నేను పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. పెన్సిలే ఎందుకంటే, సముద్రం ఒడ్డున ఆడే గోల్ఫ్‌కి పెన్నుతో ప్లాను వేసేవాడికి ఆ సముద్రం సంగతి తెలియదన్నమాట.

పోయినేడు నేను పెన్నుతోనే వేశాను. ఆరు నెలలు, ఆరు లింక్స్ కోర్సులు (సముద్రం ఒడ్డు గోల్ఫ్ మైదానాలు), నెలకొకటి. తీర్థయాత్ర బస్సులో వెళ్ళినట్టు వెళ్ళాను. పొద్దున్నే దిగడం, ఆడటం, ఫోటో తీసుకోవడం, పరుగెత్తడం. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఏ హోల్ (బంతిని ఒక గుంటలో వేసేదాకా ఆడే విడత) ఏ ఊళ్ళోదో కలిసిపోతున్నాయి. ఒక కోర్సులో (పేరు వద్దు) మొదటి తొమ్మిది హోల్స్‌లోనే తొమ్మిది బంతులు పోగొట్టాను. నా హ్యాండిక్యాప్ 27, అంటే మంచి ఆటగాడి కంటే దాదాపు అన్ని దెబ్బలు ఎక్కువ పడతాయన్నమాట. గాలి అంత ఉందని తెలిసీ ముందే డబ్బు కట్టాను కదా అని వెళ్ళాను. తప్పు నాదే. కానీ వెనక నుంచి బగ్గీ (మైదానంలో తిరిగే చిన్న బండి) వేసుకొచ్చి "త్వరగా, త్వరగా" అన్న పెద్దమనిషిని మాత్రం ఇంకా క్షమించలేదు.

అందుకే ఈ ఏడు ఒకే రూలు. కోర్సులు తక్కువ, ఒక్కో కోర్సుకి వీలైతే రెండుసార్లు, అదీ రెండు వేర్వేరు గాలుల్లో.

లింక్స్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. పొలానికీ సముద్రానికీ మధ్య మిగిలిపోయిన ఇసుక నేల అది. దున్నితే పంట రాదు, అందుకని గొర్రెలకీ కుందేళ్ళకీ వదిలేశారు. వాటికి అడ్డం రాకుండా జనం కర్రలూ బంతులూ పట్టుకుని ఆట మొదలుపెట్టారు. నేను పుట్టింది బాపట్ల దగ్గర. ఇసుకలో వాన నీరు ఎంత తొందరగా ఇంకిపోతుందో చిన్నప్పుడు వేరుశనగ చేలో చూసినవాణ్ణే. ఇక్కడా అంతే. రాత్రంతా కురిసినా పొద్దున్నకి నేల గట్టిగా ఉంటుంది, బంతి పడ్డాక ముప్ఫై గజాలు దొర్లుతుంది. కాకపోతే మాకు సరుగుడు తోటలుండేవి గాలికి అడ్డంగా. ఇక్కడ చెట్టన్నది లేదు. ఉన్నదల్లా గోర్స్ అనే ముళ్ళ పొద. వసంతంలో పచ్చటి పసుపులా పూస్తుంది. అందంగా ఉందని దగ్గరికి వెళ్తే బంతీ దొరకదు, చేతులూ గీరుకుపోతాయి.

ఏప్రిల్‌కి మసల్‌బరో ఓల్డ్ లింక్స్. తొమ్మిది హోల్స్ మాత్రమే, అదీ గుర్రప్పందేల మైదానం మధ్యలో. పందేలున్న రోజు ఆట కుదరదు కాబట్టి ముందు వాళ్ళ క్యాలెండర్ చూసి, తర్వాత నాది రాసుకున్నాను. 1874 నుంచి 1889 మధ్య గోల్ఫ్‌లో పెద్ద పోటీ అయిన ఓపెన్ చాంపియన్‌షిప్ ఇక్కడ ఆరుసార్లు జరిగింది. ఇప్పుడు చూస్తే మన ఊరి స్కూలు గ్రౌండంత నిరాడంబరంగా ఉంటుంది. హికరీ చెక్కతో చేసిన పాతకాలపు కర్రల సెట్టు అద్దెకిస్తారు. చలికాలమంతా తుప్పు పట్టిన ఒంటికి ఇంతకంటే మంచి చోటు లేదు. నా షాట్లు ఎలాగూ వంకర, కనీసం నెపం కర్ర మీదికి తోయొచ్చు.

మేలో ఏమీ లేదు. అమ్మాయి కెమిస్ట్రీ చదువుతుంటే నేను పటర్ (బంతిని నేల మీద దొర్లించే కర్ర) పట్టుకుని కార్పెట్ మీద టకటకలాడిస్తే ఊరుకోరు.

జూన్ మాత్రం నాది. ఆ నెల మూడో వారంలో ఇక్కడ సూర్యుడు రాత్రి పది దాటాక అస్తమిస్తాడు. మిట్టమధ్యాహ్నపు టీ టైం (ఆట మొదలుపెట్టే వేళ) కోసం ఎగబడటం ఎందుకు? ఆఫీసు నుంచి తిన్నగా గలన్ అనే ఊరికి వెళ్ళి, ఐదు దాటాక మొదలుపెట్టినా పద్ధెనిమిది హోల్సూ అయిపోతాయి. గలన్‌లో మూడు కోర్సులున్నాయి. అందరూ ఒకటో నంబరు వెంట పడతారు, దాని ఏడో టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర కొండ మీద నుంచి కనిపించే ఫోర్త్ సముద్రపాయ కోసం. నిజంగానే చూడాల్సిందే. అయినా నేను మూడో నంబరు రాసుకున్నాను, రెండు సాయంత్రాలు. పొట్టిది, చవకది, గాలి మాత్రం అదే గాలి.

పెద్ద ఖర్చు ఏడాదికి ఒక్కటే అని ఇంట్లో ఒప్పందం. ఈసారి అది నార్త్ బెరిక్, ఆగస్టులో. ఎడిన్‌బరో వేవర్లీలో రైలెక్కితే అరగంట పైచిలుకు, స్టేషన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు. పోయినేడు వెళ్ళిన ఆరింటిలో హోల్ హోల్‌గా గుర్తున్నది ఇదొక్కటే. ఊరి చివర మొదలై పడమటికి వెళ్ళి, మళ్ళీ తూర్పుకి తిరిగి వస్తుంది. ఇక్కడ ఎక్కువగా వీచేది పడమటి గాలి. అంటే పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. పదమూడో గ్రీన్‌కి (గుంట ఉండే నున్నటి గడ్డికి) ముందు రాతి గోడ అడ్డం ఉంటుంది, మన పొలం గట్టు మీద గోడలాంటిదే. అది దాటించాలి, లేదా సిగ్గు విడిచి పక్కకి కొట్టుకోవాలి. పదిహేనో హోల్ పేరు రెడాన్. క్రిమియా యుద్ధంలోని ఒక కోట బురుజు పేరు పెట్టారు. గ్రీన్ మనవైపు కాకుండా అవతలికి, ఎడమకి వాలి ఉంటుంది. ప్రపంచమంతా ఈ హోల్‌ని కాపీ కొట్టింది. పోయినేడు పడమటి గాలి వీపున తోస్తుంటే గ్రీన్ మధ్యలో పడ్డ నా బంతి ఆగకుండా అవతలికి జారిపోయింది. మంచి షాటుకి అంత శిక్షా అని ఇంటికొచ్చేదాకా గొణుక్కున్నాను. తర్వాత అర్థమైంది, అది మంచి షాటు కాదు. కుడి పక్క ముందుగా దించి, నేల వాలుకి వదిలేయాలి.

ఈసారి తూర్పు గాలి కావాలి నాకు. తూర్పు గాలితో పాటు హార్ కూడా వస్తుంది. అది సముద్రం మీద నుంచి పాకే చల్లటి పొగమంచు. అది దిగితే ఎదురుగా ఉన్న బాస్ రాక్ దీవి కూడా మాయమైపోతుంది. అయినా సరే, అదే హోల్‌కి ఎదురుగాలిలో ఏ కర్ర పట్టాలో చూడాలి.

జూలైలో ఈలీ అనే ఊరి కోర్సుకి వెళ్తాం, కారులో, ఆఫీసు మిత్రుడితో. ఒక్కసారే, వీలైతే ఇంకోసారి. దాని మొదటి టీ ఎదురుగా గుట్ట ఉండటంతో ముందువాళ్ళు కదిలారో లేదో కనపడదు. అందుకని ఆట మొదలుపెట్టించే స్టార్టర్ గదిలో జలాంతర్గామి పెరిస్కోపు పెట్టారు! పార్ అంటే ఒక హోల్‌కి ఇన్ని దెబ్బలని పెట్టిన లెక్క. ఇక్కడ ఒక్క పార్ ఐదు కూడా లేదు. పదహారు పార్ నాలుగులు, రెండు పార్ మూడులు. మా ఆవిడకి ఈ సంగతులన్నీ చెప్పాను. పెరిస్కోపు దగ్గర మాత్రమే తలెత్తింది.

సెప్టెంబరు గడిలో ప్రశ్నార్థకం ఉంది. హైదరాబాద్ నుంచి మా బావమరిది వస్తున్నాడు. గోల్కొండ కోట పక్క కోర్సులో ఆడతాడు, నాకంటే బాగా. "బావా, సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ బుక్ చేసేశావా?" అని మూడుసార్లు అడిగాడు, గోల్ఫ్‌లో అంత పేరున్న కోర్సు మరి. "ఒరేయ్, అది సినిమా టికెట్ కాదురా" అన్నాను. ఆడాలనుకున్న రోజుకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం 2 లోపు లాటరీలో పేర్లివ్వాలి. ఒక్కడే ఇస్తే కుదరదు, కనీసం ఇద్దరుండాలి. హ్యాండిక్యాప్ కాగితం చూపించాలి. తగిలితే 2024లోనే సీజన్ రేటు 320 పౌండ్లు, కాబట్టి తగలకపోయినా నాకు పూర్తిగా దుఃఖం రాదు. పేరు రాకపోతే పక్కనే న్యూ కోర్స్ ఉంది. కొత్తది అన్నమాటే గానీ 1895 నాటిది. ఆదివారం ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు, ఊరివాళ్ళు కుక్కల్ని తిప్పుతూ నడుస్తారు. ఆ కోర్సులోని స్విల్కన్ అనే పాత రాతి వంతెన మీద వాడి ఫోటో ఆ రోజు పైసా ఖర్చు లేకుండా అయిపోతుంది. వాడికి ఈ మాట ఇంకా చెప్పలేదు.

మళ్ళీ నిన్న ఫోన్ చేసి, ఏ క్లబ్బులు (కర్రలు) తేవాలి అన్నాడు. "ఎత్తుగా లేపడం మర్చిపో, గాలి తీసుకుపోతుంది. గ్రీన్‌కి ముప్ఫై గజాల దూరం నుంచే పటర్‌తో దొర్లించడం నేర్చుకో" అన్నాను. పొద్దున మెసేజ్ పెట్టాడు. ఫెయిర్‌వే (గ్రీన్‌కి పోయే గడ్డి దారి) మధ్యలో పటర్ పట్టుకుని నిలబడితే, కర్రల సంచి మోసే క్యాడీ జాలిగా చూసి, "సార్, కర్ర మారిందేమో" అన్నాడట.