స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఏముందని అడిగేవాళ్ళకి

మా మారతహళ్ళి అపార్ట్‌మెంట్‌లో ఏ బ్లాక్‌కి వెళ్ళినా అమెరికాలో పిల్లల దగ్గర ఉండొచ్చిన అమ్మానాన్నలు కనిపిస్తారు. సాయంత్రం బెంచీల దగ్గర ఎవరిని కదిపినా నయాగరా, న్యూయార్క్, షికాగోలో డెవాన్ వీధి, అరోరాలో బాలాజీ గుడి, ఇవే కబుర్లు. ఇల్లినాయ్‌లో నెలల తరబడి ఉండి కూడా ఆ రాష్ట్ర రాజధాని, అమెరికా అధ్యక్షుడు లింకన్ బతికిన ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్ చూడకుండానే విమానం ఎక్కేస్తున్నారు. నేను చూశానంటే ఎదురింటావిడ "స్ప్రింగ్‌ఫీల్డా? అక్కడేముందక్కా?" అంది. లిఫ్టు దగ్గర నిలబడి చెప్పే సంగతి కాదది, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మా అబ్బాయి ఉండేది బ్లూమింగ్టన్‌లో. ఐటీ ఉద్యోగాల పుణ్యమా అని అక్కడ మనవాళ్ళు బాగానే ఉన్నారు. అక్కణ్ణుంచి ఐ-55 రోడ్డు మీద గంట దారి, రెండు పక్కలా మొక్కజొన్న, సోయా, కంటికి ఆనినంత మేరా అవే. ఊరు దగ్గరపడుతుంటే దూరం నుంచే అసెంబ్లీ భవనం గుమ్మటం కనిపిస్తుంది, ఎత్తు 361 అడుగులు, వాషింగ్టన్‌లో ఉన్న దేశపు క్యాపిటల్ భవనం కంటే పొడుగు. అంత పెద్ద గుమ్మటం చూసి ఊరెంత పెద్దదో అనుకుంటాం కదా, 2020 లెక్కల్లో జనాభా లక్షా పద్నాలుగు వేలు. మన హిందూపురం కంటే చిన్న ఊరు! రాష్ట్రంలో పెద్ద నగరమేమో షికాగో, రాజధానేమో ఇది.

రాజధానులు మారడం మనవాళ్ళకి కొత్త కాదు. మద్రాసు నుంచి విడిపోయి 1953లో కర్నూలు, 1956లో హైదరాబాదు, ఆ తర్వాత అమరావతి గొడవ మనందరికీ తెలిసిందే. ఇల్లినాయ్ వాళ్ళూ ఈ బాధలన్నీ పడ్డారు. 1818లో రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కస్కాస్కియా, మిసిసిపీ నదికి దగ్గర్లో ఉండేది. రెండేళ్ళకే వాండాలియాకి మార్చారు. ఆ కస్కాస్కియా ఊరిని 1881 వరదల్లో నది మింగేసి దారి మార్చుకుంది, మిగిలిన కాస్త నేలా ఇప్పుడు నదికి అవతలి ఒడ్డున ఉంది, ఇల్లినాయ్‌దే అయినా పక్క రాష్ట్రం మిస్సోరీ మీదుగా వెళ్ళాలి. వాండాలియా నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కి మార్చాలని 1837లో అసెంబ్లీలో పట్టుబట్టి సాధించింది ఈ ప్రాంతం తరఫున గెలిచిన తొమ్మిదిమంది. అందరూ ఆజానుబాహులే, తొమ్మిదిమంది ఎత్తూ కలిపితే 54 అడుగులట, అందుకే వాళ్ళకి 'లాంగ్ నైన్' అని పేరు. వాళ్ళలో ఒకడు ఎబ్రహాం లింకన్, అప్పటికి 28 ఏళ్ళు.

రాజధానిని తెప్పించినవాడికి ఆ ఊళ్ళో తల దాచుకోవడానికి చోటు లేదు. అరువు గుర్రం మీద, రెండు సంచులతో వచ్చి, జాషువా స్పీడ్ అనే అతని కొట్లో పరుపూ దుప్పట్ల ధర అడిగితే 17 డాలర్లు అన్నాడు. అంత డబ్బు లేదు, అప్పు పెట్టుకుంటారా అని అడిగిన లింకన్ ముఖం చూసి, పైన నా మంచం పెద్దదే, సగం నీది అన్నాడు స్పీడ్. లింకన్ పైకెళ్ళి సంచులు పడేసి కిందికొచ్చి, "స్పీడ్, వచ్చేశాను" అన్నాడట. ఉద్యోగాల వేటలో బెంగళూరొచ్చి మారతహళ్ళి పీజీల్లో ఒకే గదిలో సర్దుకునే మన కుర్రాళ్ళలాగే మొదలైంది ఆయన కాపురం ఆ ఊళ్ళో.

ఇక ఇల్లు. ఎనిమిదో వీధి, జాక్సన్ వీధి కలిసే మూలన ఉంటుంది. లింకన్ సొంతంగా కొనుక్కున్న ఇల్లు అదొక్కటే. 1844లో, తమకి పెళ్ళి చేసిన పాస్టరు దగ్గరే 1,200 డాలర్లు నగదూ ఊళ్ళో ఒక స్థలమూ ఇచ్చి కొన్నారు. మొదట ఒకటిన్నర అంతస్తుల చిన్న ఇల్లు, పిల్లలు పుట్టాక, ప్లీడరుగా సంపాదన పెరిగాక 1856లో పై అంతస్తు పూర్తిగా లేపారు. తలుపు మీద 'ఎ. లింకన్' అని పేరుపలక ఉంటుంది, పదవులూ బిరుదులూ ఏమీ లేవు. పార్కు సర్వీసు రేంజరు కొద్దికొద్దిమందిని లోపలికి తీసుకెళ్ళి చూపిస్తారు. 1860 మే నెలలో పార్టీ వాళ్ళొచ్చి, మీరే మా అధ్యక్ష అభ్యర్థి అని అధికారికంగా చెప్పింది ముందు హాల్లో. వంటింట్లో ఇనప పొయ్యి ఉంది, వెనక పెరట్లో మరుగుదొడ్డి. పైన పడగ్గదిలో ఆయన రాసుకున్న బల్ల చూసి నేను ఆశ్చర్యపోయా, అంత పొడుగు మనిషి అంత చిన్న బల్ల దగ్గర మోకాళ్ళు ఎక్కడ పెట్టుకునేవాడో! ఆ ఇంట్లో ఏదీ ముట్టుకోకూడదు, మెట్ల రైలింగ్ తప్ప. మెట్లెక్కేముందు రేంజరే చెప్తారు, పట్టుకుని ఎక్కండి, లింకన్ పట్టుకున్నది ఇదే అని. మా ఆయన మోకాళ్ళ నొప్పులతో ఆ రైలింగ్ మీద బరువంతా వేసి నెమ్మదిగా ఎక్కుతుంటే వెనక నేను, నా చెయ్యీ దాని మీదే. నున్నగా, అరిగిన కర్ర. సోషల్ టీచరుగా ఎన్నో ఏళ్ళు బోర్డు మీద రాసిన పేరది, ఆ క్షణంలో నా గుండె నిండిపోయింది.

రెండోవాడు ఎడ్డీ నాలుగో పుట్టినరోజు రాకముందే 1850లో ఆ ఇంట్లోనే పోయాడు. ఆ కుటుంబంలో నలుగురు మగపిల్లల్లో పెద్దయి బతికింది రాబర్ట్ ఒక్కడే. ఆ రాబర్టే 1887లో ఇంటిని రాష్ట్రానికి రాసిచ్చాడు, రెండే షరతులు: బాగా చూసుకోవాలి, చూడ్డానికొచ్చేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఇప్పటికీ టికెట్ ఉచితమే, విజిటర్ సెంటర్‌లో తీసుకోవాలి, పార్కింగుకి మాత్రం కొంచెం కట్టాలి. చుట్టూ నాలుగు బ్లాకుల్లో ఇరుగుపొరుగు ఇళ్ళని కూడా ఆ కాలంలో ఉన్నట్టే ఉంచారు, చెక్కలు పరిచిన కాలిబాటతో సహా. కార్లు రానివ్వరు. రాజమండ్రిలో వీరేశలింగం గారిల్లు, విజయనగరంలో గురజాడ వారిల్లు నిలుపుకున్నాం, సంతోషం, కానీ ఆ వీధులు కూడా మిగిలి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

అక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దూరంలో పాత రైల్వే డిపో. 1861 ఫిబ్రవరి 11 ఉదయం, సన్నటి వానలో, అధ్యక్షుడిగా గెలిచి వాషింగ్టన్ బయల్దేరుతూ లింకన్ రైలు వెనక నిలబడి ఊరివాళ్ళకి వీడ్కోలు చెప్పాడు. ఇక్కడ పాతికేళ్ళు బతికాను, కుర్రవాడిగా వచ్చి ముసలివాణ్ణయ్యాను, నా పిల్లలు ఇక్కడే పుట్టారు, ఒకణ్ణి ఇక్కడే పాతిపెట్టాను, మళ్ళీ ఎప్పుడొస్తానో, అసలొస్తానో రానో తెలియదు అన్నాడు. ప్రాణంతో మళ్ళీ రాలేదు.

పాత అసెంబ్లీ భవనం ఊరి నడిబొడ్డున ఉంది. ఇంటిలో నిలువునా రెండుగా చీలిక వస్తే అది నిలవదు, సగం బానిసత్వం సగం స్వేచ్ఛతో ఈ దేశం ఎల్లకాలం సాగదు అని 1858 జూన్ 16న లింకన్ మాట్లాడిన హాలు అందులోదే. ఏడేళ్ళ తర్వాత, 1865 మే 3, 4 తేదీల్లో, ఆయన పార్థివదేహాన్ని ఉంచింది కూడా ఆ హాల్లోనే, సుమారు 75 వేలమంది వరసకట్టి వెళ్ళారు. 1860లో ఊరి జనాభా పదివేలు కూడా లేదు! ఒబామా 2007 ఫిబ్రవరిలో తన అభ్యర్థిత్వం ప్రకటించింది ఈ భవనం ముందే. 1960ల్లో దీన్ని రాయి రాయి విప్పి, కింద పార్కింగూ గ్రంథాలయమూ కట్టి, మళ్ళీ అవే రాళ్ళతో నిలబెట్టారు. దూరం నుంచే గుమ్మటం కనిపిస్తుందన్నానే, ఆ కొత్త భవనం 1868లో మొదలై 1888కి పూర్తయింది. సెక్యూరిటీ చెక్ అయ్యాక ఎవరైనా లోపలికి నడిచెళ్ళొచ్చు. మన విధానసౌధ 1956లో పూర్తయింది, దాని ముందు రోడ్డు మీద నిలబడి ఫోటోలు దిగడమే ఇన్నాళ్ళూ మనకి తెలిసింది, ఈమధ్యే సెలవురోజుల్లో గైడు టూర్లు మొదలుపెట్టారు. మంచి పని, వెళ్ళండి, పిల్లల్ని తీసుకెళ్ళండి.

ఇప్పుడు చెప్పబోయేది లింకన్ ఊరి గొప్పల్లోది కాదు, కానీ ఇది చూడకుండా వస్తే ఆ ఊరు సగమే చూసినట్టు. 1908 ఆగస్టులో ఒక నల్లజాతి మనిషి మీద ఒక తెల్ల ఆవిడ చేసిన ఆరోపణతో ఊరు ఊరంతా రగిలింది, ఆ ఆరోపణని తర్వాత ఆవిడే వెనక్కి తీసుకుంది. జైల్లో ఉన్న నిందితుణ్ణి పోలీసులు రహస్యంగా తప్పించేసరికి, దొరకలేదన్న కసితో తెల్లవాళ్ళ గుంపు నల్లవాళ్ళ ఇళ్ళు తగలబెట్టింది. మంగలి పని చేసే స్కాట్ బర్టన్, చెప్పులు కుట్టే ముసలాయన విలియం డొన్నెగన్, ఏ పాపం ఎరగని ఇద్దరిని చంపేశారు. లింకన్ ఊళ్ళోనే ఇలా జరిగిందన్న సిగ్గు దేశాన్ని కదిలించింది, మరుసటి ఏడు, లింకన్ నూరో పుట్టినరోజున, నల్లవారి హక్కుల కోసం ఎన్‌ఏఏసీపీ అనే సంఘం పుట్టింది. 2014లో రైల్వే పనులకోసం తవ్వుతుంటే కాలిన ఇళ్ళ పునాదులు బయటపడ్డాయి. 2024 ఆగస్టులో ఆ చోటుని జాతీయ స్మారకంగా ప్రకటించారు. అక్కడ నిలబడితే నాకు కారంచేడు, చుండూరు గుర్తొచ్చాయి. చేసిన తప్పుని మట్టి కప్పి పైన పట్టాలు వేసేయకుండా, ఇదిగో ఇక్కడే జరిగింది అని చూపించడానికి వందేళ్ళు పైగా పట్టింది, అయినా చూపించారు, దానికి ఆ ఊరిని గౌరవిస్తాను.

లింకన్ సమాధి ఓక్ రిడ్జ్ శ్మశానంలో. ముందు ఆయనదే పెద్ద కంచు తల, ముక్కు మాత్రం బంగారంలా మెరుస్తుంటుంది, వచ్చినవాళ్ళంతా తడిమి తడిమి. 1876లో ఒక దొంగనోట్ల ముఠా, జైల్లో ఉన్న తమవాణ్ణి విడిపించుకోవడానికి లింకన్ శవాన్నే ఎత్తుకుపోబోయి దొరికిపోయింది. అందుకే 1901లో పదడుగుల లోతున కాంక్రీటు పోసి మూసేశారు. భార్య మేరీ, ముగ్గురు పిల్లలు కూడా అక్కడే ఉన్నారు.

లింకన్ ప్రెసిడెన్షియల్ మ్యూజియానికి టికెట్ ఉంది, మనవలుంటే తప్పకుండా వెళ్ళండి, పెద్దవాళ్ళకి ఇల్లూ సమాధీ చాలు. తిండికి ఆ ఊరి ప్రత్యేకత హార్స్‌షూ, బ్రెడ్డు మీద మాంసం, దాని మీద ఫ్రెంచ్ ఫ్రైస్, ఆపైన చీజ్ సాస్ కుమ్మరిస్తారు. మేం పులిహోర కట్టుకెళ్ళాం. జనవరి, ఫిబ్రవరుల్లో మాత్రం వద్దు, ఆ గాలికి ముక్కూ చెవులూ తెగిపోతాయి. ఆగస్టులో అయితే స్టేట్ ఫెయిర్ ఉంటుంది, వెన్నతో నిలువెత్తు ఆవుని చేసి పెడతారు. కారు లేకపోతే షికాగో నుంచి ఆమ్‌ట్రాక్ రైలుంది, మూడున్నర గంటల్లోపే దింపుతుంది, దిగినచోటు నుంచి ఇల్లూ పాత అసెంబ్లీ రెండూ నడకే.