షాపు ల్యాప్‌టాప్‌లోంచి ఉబుంటు తీసేసిన రోజు – నా అనుభవం

మా నాన్నకి తెనాలిలో ఎరువుల షాపు ఉంది. బీటెక్‌లో నేను వాడిన ల్యాప్‌టాప్‌నే ఇప్పుడు అక్కడ బిల్లులకి వాడుతున్నారు. అందులో విండోస్‌తో పాటు ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) కూడా ఉండేది, సెకండియర్‌లో ల్యాబ్ కోసమని మా సీనియర్ అక్క ఒకామె వేసిచ్చింది. నాకు ఆ ఉబుంటు అంటే ఇష్టమే, ప్రోగ్రామింగ్ నేర్చుకుంది దాని మీదే. కానీ నాన్నకి అది రోజూ తలనొప్పి. ఆన్ చేయగానే ఉబుంటునా విండోసా అని అడిగే గ్రబ్ మెనూ వస్తుంది, 10 సెకన్లలోపు బాణం కీతో విండోస్ మీదకి వెళ్ళి ఎంటర్ కొట్టకపోతే దానంతటదే ఉబుంటులోకి వెళ్ళిపోతుంది. ఈలోపు ఎవరో రైతు వచ్చి యూరియా ఉందా అని అడిగితే నాన్న లేచి వెళ్తారు, తిరిగొచ్చేసరికి పాస్‌వర్డ్ అడుగుతూ ఊదారంగు స్క్రీన్ ఉంటుంది. వెంటనే హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోన్. "అమ్మా, మళ్ళీ ఆ రెండోది వచ్చింది."

దీనికి తోడు గడియారం గొడవ ఒకటి. ఉబుంటు కంప్యూటర్ లోపలి గడియారాన్ని అంతర్జాతీయ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. అందుకని ఒక్కసారి ఉబుంటులోకి వెళ్ళొస్తే చాలు, విండోస్‌లో టైము 5.30 గంటలు వెనక్కి పోయేది. పొద్దున 10 గంటలకి కొట్టిన బిల్లు మీద తెల్లవారుజాము 4.30 పడేది. ఇవి చాలవన్నట్టు సి డ్రైవ్‌లో 6 జీబీ మాత్రమే మిగిలి గీత ఎర్రగా అయిపోయింది. డిస్కు మొత్తం 256 జీబీ, అందులో 77 జీబీ ఎవరూ వాడని ఉబుంటు దగ్గరే ఉంది. ఇక తీసేయాల్సిందే అని ఒక ఆదివారం, షాపు మూసి ఉన్నప్పుడు కూర్చున్నాను.

ముందు ఉబుంటులోకే వెళ్ళి నా ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను. ఎందుకంటే ఉబుంటు వాడే పార్టిషన్‌ని (డిస్కులో దానికి విడగొట్టిన భాగాన్ని) విండోస్ మామూలుగా చదవలేదు, లోపల ఏముందో అటువైపు నుంచి చూడటం కుదరదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు, హాస్టల్ ఫొటోలు, ఇంకా కంట్రోల్ హెచ్ నొక్కితే కనిపించే దాచిన ఫోల్డర్లు కూడా. అక్కడే టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) అని కొట్టి ఏ పార్టిషన్ ఎంత సైజో కాగితం మీద రాసుకున్నాను. ఉబుంటుది 70 జీబీ, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు ఉబుంటు వాడుకునే చోటు) 7 జీబీ. తర్వాత విండోస్‌లోకి వచ్చి షాపు లెక్కలన్నీ ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. షాపు లెక్కలు ఉన్నాయి కదా అని పోయినేడు నేనే విండోస్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కుకి తాళం వేసినట్టు) ఆన్ చేశాను, కాబట్టి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్ళి ఆ తాళం తీసే రికవరీ కీ చూసుకుని, చేతికి దొరికిన బిల్లు పుస్తకం వెనక అట్ట మీద రాసిపెట్టాను. మొత్తం 48 అంకెలు. ఇది మాత్రం ఎవరూ వదిలేయకండి, ఎందుకో చెప్తాను.

విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ఉబుంటు పార్టిషన్లకి డ్రైవ్ అక్షరం ఉండదు, ఫైల్ సిస్టమ్ దగ్గర కూడా ఖాళీగా ఉంటుంది. చూడటానికి పనికిరానివాటిలా ఉంటాయి కానీ పక్కనే 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్ (ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే ఫైళ్ళు ఉండేది), రికవరీ పార్టిషన్ (విండోస్ పాడైతే బాగుచేయడానికి ఉండేది) కూడా అక్షరం లేకుండానే ఉంటాయి. ఆ ఈఎఫ్‌ఐ పోతే విండోస్ కూడా లేవదు. కాగితం మీది సైజులతో రెండుసార్లు సరిచూసుకుని 70, 7 రెండింటినీ డిలీట్ చేశాను. నల్ల గీతతో ఖాళీ స్థలం కనిపించింది. హమ్మయ్య అనుకుని రీస్టార్ట్ కొట్టాను.

స్క్రీన్ నల్లగా అయింది. పైన జీఎన్‌యూ గ్రబ్ అని ఒక లైను, కింద ఇంగ్లిష్‌లో రెండు మూడు లైన్లు, ఆ కింద గ్రబ్ అనే మాట, పక్కన కర్సర్ కొట్టుకుంటోంది. అంతే. విండోస్ లేదు, మెనూ లేదు. నాన్న వెనకే నిలబడి ఉన్నారు. "లెక్కలు పోలేదు కదమ్మా?" అన్నారు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయని తెలిసినా నా చేతులు చల్లబడిపోయాయి.

జరిగింది ఇది. డిలీట్ చేసేముందే బయోస్ సెటప్‌లో (విండోస్ లేవకముందే తెరుచుకునే సెట్టింగుల్లో) బూట్ ఆర్డర్, అంటే ఏది ముందు లేవాలన్న వరస, మార్చి విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తేవాలి. నేను చివర్లో చేద్దాంలే అనుకున్నాను. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో విండోస్‌కి ఒక ఫోల్డరు, ఉబుంటుకి ఒక ఫోల్డరు వేరుగా ఉంటాయి. మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్ అక్కడ ఉంటుంది కానీ గ్రబ్ మెనూ వివరాలు ఉండేది ఉబుంటు పార్టిషన్‌లో, దాన్నేమో నేను తీసేశాను. అందుకే గ్రబ్ లేచి, ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. విండోస్‌కి ఏమీ కాలేదు. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేసి, మళ్ళీ ఆన్ చేస్తూ ఎఫ్12 కొడితే బూట్ మెనూ వచ్చింది (కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లలో ఈ కీ వేరేగా ఉంటుంది), అందులో విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకున్నాను.

అప్పుడు నీలం స్క్రీన్ మీద రికవరీ కీ అడిగింది. ఇన్నాళ్ళూ గ్రబ్ మీదుగా లేచిన విండోస్ ఇప్పుడు నేరుగా లేస్తోంది కాబట్టి ఎవరో ఏదో మార్చారని దానికి అనుమానం. నాన్న కళ్ళజోడు పెట్టుకుని బిల్లు పుస్తకం తిరగేసి ఆరేసి అంకెల చొప్పున చదువుతుంటే నేను కొట్టుకుంటూ పోయాను. ఎనిమిదో వరస అయ్యి ఎంటర్ నొక్కాక విండోస్ తెరుచుకుంది. ఆయన మొదట బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరిపించి, శనివారం చివరి బిల్లు చూసుకున్నాకే కుర్చీలో కూర్చున్నారు.

ఆ తర్వాత బయోస్‌లోకి వెళ్ళి విండోస్‌ని పైకి తెచ్చాను. ఖాళీ స్థలాన్ని సి డ్రైవ్‌లో కలుపుదామంటే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కనివ్వలేదు. సి పక్కనే ఆనుకుని ఖాళీ ఉంటేనే కలుస్తుంది, మాకు మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డం ఉంది. దాన్ని జరపడానికి వేరే టూల్స్ ఉన్నాయి కానీ అప్పటికే పడిన టెన్షన్ చాలనిపించింది. 77 జీబీని డి డ్రైవ్‌గా చేసి ఫొటోలు, వీడియోలు అందులోకి పంపేశాను, సి డ్రైవ్ గీత నీలంగా మారింది. నన్నడిగితే షాపు కంప్యూటర్‌కి ఇదే మంచిది.

బూట్ మెనూలో ఉబుంటు పేరు ఇంకా కనిపిస్తూనే ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, మౌంట్‌వాల్ అనే కమాండ్‌తో ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కి తాత్కాలికంగా ఒక అక్షరం ఇచ్చి, లోపల ఉబుంటు అనే ఫోల్డరు ఒక్కటే తీసేశాను. పక్కనున్న మైక్రోసాఫ్ట్, బూట్ ఫోల్డర్ల జోలికి పోలేదు. మెనూలో మిగిలిన పేరు బీసీడీఎడిట్ అనే కమాండ్‌తో పోయింది.

చివరగా టైము సరిచేశాను. సోమవారం పొద్దున నాన్న ఫోన్ చేసి, ల్యాప్‌టాప్‌లోనూ గోడ గడియారంలోనూ 9.10 అవుతోందని చెప్పారు.