జ్యోత్స్న పేరుతో కార్డు వస్తే

ఆదివారం, రాత్రి పదకొండు కావస్తోంది.

రేపు కాలేజీలో వెబ్ డిజైన్ మేడమ్‌కి కాగితం ఇవ్వాలి. ఈ సెమిస్టర్‌లో పోర్ట్‌ఫోలియో కోసం, అంటే చేసిన పనులు చూపించే సొంత వెబ్ పేజీ కోసం, ఏం నేర్చుకుంటావో ఒక పేజీలో రాసి ఇవ్వమన్నారు. పోయిన వారం ఇచ్చింది వెనక్కి వచ్చింది. అందులో నేను రాసిన వరస ఇది: హెచ్‌టీఎమ్ఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, బూట్‌స్ట్రాప్, ఫిగ్మా, రియాక్ట్, నోడ్, గిట్, యూఐ, యూఎక్స్, ఎస్ఈఓ. పదకొండు. రాసినప్పుడు చూసుకుని మురిసిపోయాను కూడా. మేడమ్ ఎర్ర పెన్నుతో అడుగున ఒక్క లైను రాశారు: "ఇది సామాన్ల చీటీ. నేర్చుకున్నావని నాకెలా తెలుస్తుంది?"

వారమంతా ఆ లైను మీద కోపంగానే ఉన్నాను. మా బెంచీలో మిగతా ఇద్దరూ ఇంచుమించు ఇలాగే రాశారు. వాళ్ళవీ వెనక్కి వచ్చాయి, అదొక్కటే ఊరట.

ఇక ఇప్పుడున్న పోర్ట్‌ఫోలియో సంగతి. మూడు ప్రాజెక్టులు. ఒక కాలిక్యులేటర్, ఒక వాతావరణం యాప్, ఒక సినిమాల సైటుకి నకలు. మూడూ వీడియో చూస్తూ, ఆపుతూ, టైపు చేసినవే. వాతావరణం యాప్ మా ముగ్గురికీ ఉంది. నీలం రంగు, మబ్బు బొమ్మ, ఊరి పేరు కొట్టే డబ్బా అన్నీ ఒకటే. నాది ఏదో చెప్పాలంటే కింద పేరు చదవాలి. ఫ్రీకోడ్‌క్యాంప్ అనే ఉచిత సైటులో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ (స్క్రీన్ సైజుని బట్టి పేజీ సర్దుకునేలా చెయ్యడం) కోర్సు మొదలుపెట్టినప్పుడు 300 గంటలని రాసి ఉంది, చివరి ప్రాజెక్టు సొంత పోర్ట్‌ఫోలియో పేజీ. నేను ఆ కోర్సులో మూడో ప్రాజెక్టు దగ్గర ఆగిపోయాను. ఆగి నాలుగు నెలలైంది. ఇది మేడమ్‌కి చెప్పలేదు.

పొద్దున పదకొండున్నరకి అమ్మ క్యారేజీ చేతికిచ్చి నాన్న పెళ్ళి కార్డుల షాపుకి పంపింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు గానీ నాన్నకి మాత్రం ఖాళీ ఉండదు. శ్రావణం ముహూర్తాల కార్డులన్నీ ఇప్పుడే వస్తాయి. ఆదివారం అయినా షట్టర్ సగం ఎత్తి పని చేస్తున్నారు. ఆ షాపులో కంప్యూటర్ ఎంత పాతదో చెప్పలేను గానీ అందులో ఉన్న పేజ్‌మేకర్ 7.0, పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్, వచ్చింది 2001లో. అంటే నాకంటే పెద్దది. నాన్న ఇప్పటికీ కార్డులు దాంట్లోనే, అనూ ఫాంట్లతోనే చేస్తారు. చూడకుండా టైపు చేస్తూ పక్కవాళ్ళతో మాట్లాడతారు.

నేను లాప్‌టాప్ తీసి ఆ కాగితం పని పెట్టుకున్నాను. ఏం రాయాలో తోచక నా పోర్ట్‌ఫోలియో పేజీ తెరిచి నాన్న ఫోన్‌లో కూడా చూపించాను. ఏదో ఒక మెచ్చుకోలు మాట వస్తుందని ఆశ. నాన్న కళ్ళజోడు పైకి తోసి ఫోన్ దగ్గరగా పెట్టుకున్నారు.

"ఈ థ వత్తుకేమైందమ్మా?"

పైన పెద్ద అక్షరాల్లో 'వెబ్ డిజైన్ విద్యార్థిని, విజయవాడ' అని ఉంటుంది. ఫోన్‌లో 'విద్యార్థిని' ఒక లైనులో, 'విజయవాడ' దాని కింద పడ్డాయి. 'ర్థి' కింద ఉండాల్సిన థ వత్తు కింది లైన్లో అక్షరం నెత్తిన కూర్చుంది. నేను ఆ పేజీని కనీసం వందసార్లు చూసి ఉంటాను. ఒక్కసారీ కనపడలేదు. కనపడ్డాక ఇంకేమీ కనపడటం లేదు.

"లీడింగ్ ఎంత పెట్టావు?" అన్నారు.

లీడింగ్ అంటే, పేజీ రూపం దిద్దే మా సీఎస్ఎస్‌లో లైన్ హైట్ (లైన్ల మధ్య ఎడం) అని అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. నేను పెట్టలేదు, టెంప్లేట్ అనే రెడీమేడ్ నమూనాలోనే 1.1 అని, అంటే అక్షరం సైజుకి 1.1 రెట్లని ఉంది. నాన్న నవ్వారు. పేజ్‌మేకర్‌లో ఆటో లీడింగ్ అంటే అక్షరం సైజుకి 120 శాతం. "ఇంగ్లీషుకి సరిపోద్ది. తెలుగుని ఆటోలో వదిలితే వత్తులన్నీ కింది లైను వాళ్ళ మీద పడతాయి" అన్నారు. నాన్న ఈ పనిలోకి వచ్చింది సీసం అక్షరాల రోజుల్లో. లైన్ల మధ్య ఎడం కోసం సన్నటి సీసపు పట్టీలు పెట్టేవారట, లీడింగ్ అన్న మాట ఆ సీసం నుంచే వచ్చింది. నేను రెండేళ్ళుగా ఆ నంబరు టైపు చేస్తున్నాను, అది ఒకప్పుడు చేత్తో పట్టుకునే వస్తువని తెలీదు.

తర్వాత అడిగిన ప్రశ్న ఇంకా ఇబ్బంది పెట్టింది. "సైజెంత?"

పేజ్‌మేకర్ తెరవగానే మొదట అడిగేది అదే, కాగితం సైజు. అది లేకుండా నాన్న మౌస్ కూడా కదపరు. నా పేజీకి సైజు లేదు నాన్నా, ఫోన్‌లో ఒకలా, లాప్‌టాప్‌లో ఒకలా సర్దుకుంటుంది అన్నాను. రెస్పాన్సివ్ డిజైన్ అన్న పేరు 2010లో ఈథన్ మార్కాట్ రాసిన వ్యాసంతో వచ్చిందని పోయిన పరీక్షకి బట్టీపట్టాను, ఐదు మార్కుల ప్రశ్న. నాన్నకి ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. "మరి ఎక్కడ విరుగుద్దో తెలీకుండా లైను ఎట్టా రాస్తావు?" అన్నారు. సరైన ప్రశ్నే. వెడల్పు నా చేతిలో లేనప్పుడు ఎక్కడ విరిగినా చెడిపోని ఎడం ఇవ్వాలి. అంతకంటే నా దగ్గర జవాబు లేదు.

ఈలోగా ఒక పెద్దాయన వచ్చారు, మనవరాలి పెళ్ళి కార్డు ప్రూఫు కోసం. నాన్న ముందురోజే వాట్సాప్‌లో పంపారట. "ఏమయ్యా, ముహూర్తం టైము కనపడటం లేదు. మా అబ్బాయి చదివి చెప్పాడు" అన్నారాయన. తెల్లటి నేల మీద బంగారు రంగు అక్షరాలు. "ఫాయిల్ కొడితే మెరుస్తుంది బాబాయ్ గారూ, ఫోన్‌లోనే అట్టా" అని నాన్న సర్దిచెప్పారు. ఆయన నమ్మినట్టు లేదు. టైము మాత్రం నల్లగా పెట్టించుకునే వెళ్ళారు.

నేను ఊరికే ఆ రంగుని కాంట్రాస్ట్ (అక్షరానికీ నేలకీ వెలుగులో తేడా) లెక్కకట్టే పేజీలో పెట్టి చూశాను. 2.1 వచ్చింది. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలన్నది, వెబ్ పేజీలు అందరూ చదవగలగాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ నియమం, పెద్ద అక్షరాలకైతే 3. నాన్నకి చూపించి కాస్త గొప్ప పోదామనుకుని, ఎందుకైనా మంచిదని ముందు నా పేజీ రంగు కూడా పెట్టాను. నా గురించి రాసుకున్న పేరాలన్నీ తెల్లటి నేల మీద బూడిద రంగులో ఉంటాయి, రంగు కోడ్ 999. స్టయిల్‌గా ఉంటుందని పెట్టాను. 2.85! నోరు మూసుకున్నాను. అదే 767676 అని పెడితే 4.54 వస్తుంది, గీత దాటుతుంది. కంటికి పెద్ద తేడా ఏమీ లేదు, స్టయిల్ ఎక్కడికీ పోలేదు.

నాన్న చెప్పినవన్నీ నాకు పనికొస్తాయని కాదు. నా ఫోటో ఫోన్‌లో తీసినదాన్ని తీసినట్టే పెట్టాను, 4 ఎంబీ. పేజీ తెరుచుకోవడానికి అంతసేపు పట్టింది అందుకే. చిన్నది చేస్తానంటే నాన్న ఒప్పుకోరు. "300 డీపీఐ తగ్గితే ప్రింటు పాడైపోద్ది" అంటారు, అంటే అంగుళానికి 300 చుక్కలు. ప్రింటు చెయ్యం నాన్నా అంటే, "ఎప్పుడైనా ఫ్లెక్సీ వెయ్యాల్సొస్తే?" అంటారు. నాకు ఫ్లెక్సీ ఎవరు వేస్తారో! సాయంత్రం 800 పిక్సెళ్ళ వెడల్పుకి తగ్గించేశాను. చెప్పలేదు.

భోజనం చేస్తూ నాన్న ఒక మాట అన్నారు. "కొత్త ఫాంటు ఏదొచ్చినా, జ్యోత్స్న పేరుతో కార్డు వస్తే దాని సంగతి తేలుద్ది." త కింద స వత్తు, న వత్తు. రెండు వత్తులు పట్టే చోటు ఫాంటులో ఉందా లేదా అన్నది అక్కడే బయటపడుతుందట. ఇంకా ఉన్నాయా అంటే, చెయ్యి కడుక్కుని పాత కార్డు వెనక రాసిచ్చారు: స్త్రీ, రాష్ట్రం, ఆర్ద్ర, శాస్త్రోక్తముగా, ఉజ్జ్వల, చి॥ల॥సౌ॥. ముప్పై ఏళ్ళలో తనని ఏడిపించిన మాటలట. నా మూడు ప్రాజెక్టులూ కలిపినా ఈ చీటీ అంత విలువ చెయ్యవనిపించింది.

గూగుల్ ఫాంట్స్ తెరిచి ఆ మాటలన్నీ ఒక్కో ఫాంటులో వేసి చూశాం. మండలి, సూరన్న, రామభద్ర, నోటో సెరిఫ్ తెలుగు. తెనాలి రామకృష్ణ అని ఒక ఫాంటు ఉందని తెలిసి నాన్న ముచ్చటపడ్డారు, పావుగంట దాని దగ్గరే ఆగారు. తెలుగు ఫాంటులో వత్తులు, గుణింతాల రూపాలన్నీ ఉండాలి కాబట్టి ఫైలు బరువుగా ఉంటుంది, రెండు మూడు ఫాంట్లు పెట్టేస్తే ఫోన్‌లో పేజీ ఈడుస్తుంది. ఒకటే పెట్టాలి. ఏది అన్నది ఇంకా తేలలేదు. నాన్నకి నచ్చినది నాకు నచ్చలేదు.

ఇంకొకటి. ఒక కార్డు మాటర్ తీసుకుని నా పేజీలో అతికిస్తే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చాయి. అనూ ఫాంట్లు యూనికోడ్‌కి (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే నంబరు) ముందు పద్ధతివి, అక్షరం బొమ్మ తెలుగుదే గానీ లోపల నంబరు వేరు. మళ్ళీ మొత్తం యూనికోడ్‌లో టైపు చెయ్యాలి. చేస్తే తెలిసింది, నాకు తెలుగు టైపింగ్ రాదు. ఫోన్‌లో 'nuvvu' అన్నట్టు కొడితే వచ్చే తెలుగే నాకొచ్చిన తెలుగు. ఆహ్వాన పత్రికలో సగం మాటలు దానికి తెలీవు.

సాయంత్రం ఇంటికొచ్చి మేడమ్ కాగితం మళ్ళీ రాశాను. పదకొండు పోయి మూడు మిగిలాయి. దసరా సెలవుల లోపు తెలుగు పెళ్ళి పత్రిక పేజీ ఒకటి చేస్తాను, 360 పిక్సెళ్ళ వెడల్పున్న ఫోన్‌లో నాన్న చీటీలోని మాటలన్నీ ఒక్క వత్తు కూడా తెగకుండా కనపడాలి. అందులో ముహూర్తం టైముని, ఆ పెద్దాయన లాంటివాళ్ళు ఇంకొకరిని అడగకుండా చదువుకోవాలి, కాంట్రాస్ట్ 4.5కి తగ్గకూడదు. మూడోది, మాటర్ నేనే యూనికోడ్‌లో టైపు చేస్తాను, ఒక పేజీ గంటలోపు. వెబ్ డిజైన్ లక్ష్యాల్లో టైపింగ్ ఏమిటని మేడమ్ అడుగుతారేమో. అడగనీ. చెడిపోయిన 'విద్యార్థిని' స్క్రీన్‌షాట్ దాచాను, పోర్ట్‌ఫోలియోలో బాగుచేసిన దాని పక్కనే పెడతాను.

కాగితంలోంచి రియాక్ట్ (జావాస్క్రిప్ట్‌తో పేజీలు కట్టే పనిముట్టు) తీసేశానని ఫోన్‌లో చెప్తే నా ఫ్రెండ్ అరిచింది. "పిచ్చా నీకు? రియాక్ట్ లేకపోతే ఇంటర్వ్యూకి ఎవడు పిలుస్తాడే? పెళ్ళి కార్డులు చూపిస్తావా?" వాళ్ళ అన్నయ్య అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ (వెబ్‌సైటు ముందు, వెనక పనులన్నీ) కోర్సు చేశాడు, దానికి ఈ సంగతులు నాకంటే ఎక్కువ తెలుసు. అది చెప్పింది తప్పని అనలేను. పెట్టేశాక కాసేపు టెన్షన్ పట్టుకుంది. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో 'రియాక్ట్, సంక్రాంతి తర్వాత' అని రాసి, మళ్ళీ కొట్టేసి, మళ్ళీ రాశాను. ప్రస్తుతానికి ఉంది.

ఇందాక లైన్ హైట్ 1.1 తీసి 1.7 పెట్టాను. థ వత్తు విడిపోయింది గానీ, అప్పుడు కింది లైన్లో 'విజయవాడ' అడుగు కాస్త తెగింది. అరగంట వెతికితే టెంప్లేట్‌లో ఆ డబ్బాకి ఎత్తు కట్టేసి, మించినదాన్ని దాచెయ్యమని ఒక లైను ఉంది. రెండూ తీసేశాక 'విజయవాడ' కూడా మొత్తంగా కనపడింది. హాల్లో ఉన్న నాన్నకి వాట్సాప్‌లో లింకు పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత హాల్లోంచే కేక:

"వత్తు బాగుంది గానీ, కింద పేరాలో కామా తర్వాత స్పేస్ ఏదమ్మా?"